సన్యాసం ఇవ్వని గురువు

పదహారేళ్ల వయసులో ఇల్లు వదిలేశారు. మళ్లీ ఆ గడప తొక్కలేదు. కానీ ‘నేనూ అన్నీ వదిలేసి వచ్చేస్తాను స్వామీ, సన్యాసం ఇప్పించండి’ అని అడిగినవారికి మాత్రం ఆయన కాషాయం కట్టబెట్టలేదు. మరి అరుణాచల రమణుల దగ్గర శిష్యరికం అంటే ఏమిటి? తెలుగునేల నుంచి వెళ్లిన నలుగురి జీవితాల్లో దానికి నాలుగు రకాల జవాబులున్నాయి.

పున్నమి రాత్రి తిరువణ్ణామలైలో కొండ చుట్టూ పద్నాలుగు కిలోమీటర్లు నడిచే జనంలో ఎటు తిరిగినా తెలుగు మాట వినిపిస్తుంది. ఆ నడకలో దారిపక్కనే ఉన్న రమణాశ్రమంలోకి అడుగుపెట్టనివారు తక్కువ. లోపల ఒక సమాధి, ఒక తల్లి గుడి, ఆయన కూర్చున్న హాలు. అంతే. ఆశీర్వదించే పీఠాధిపతి ఎవరూ ఉండరు. ‘ఇప్పుడు గురువుగారెవరండీ?’ అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మూడు రూపాయల ప్రయాణం

1896 ఆగస్టు 29. మదురైలో వెంకటరామన్ అనే కుర్రాడు అన్నయ్య కాలేజీ ఫీజు కోసం ఉంచిన అయిదు రూపాయల్లో మూడు తీసుకున్నాడు. మిగిలిన రెండూ ఒక చీటీతో పాటు పెట్టి రైలెక్కాడు. ఆ చీటీ ‘నేను’ అని మొదలై, మధ్యలోకి వచ్చేసరికి ‘ఇది’ అని మారిపోతుంది. చివర సంతకం లేదు, గీత మాత్రమే ఉంది. సెప్టెంబరు 1న అరుణాచలం చేరి, మిగిలిన డబ్బుల్ని అయ్యన్‌కుళం చెరువులో పారేశాడు. జుట్టు తీయించుకున్నాడు, జంధ్యం తీసేశాడు, కౌపీనం మిగిల్చుకున్నాడు.

మన సంప్రదాయంలో సన్యాసం అలా రాదు. గురువు ఇవ్వాలి. తనకు తాను శ్రాద్ధం పెట్టుకోవాలి, విరజా హోమం చేయాలి, పాతపేరు పోయి కొత్తపేరు రావాలి. రమణులకు ఇవేవీ జరగలేదు. మనిషి రూపంలో ఆయనకు గురువే లేరు. కొండే గురువన్నారు. తర్వాతెప్పుడో 1930ల్లో ఆశ్రమ స్థలం గురించి వ్యాజ్యం నడిచినప్పుడు, మీరు ఏ ఆశ్రమానికి చెందినవారని ఆయన్ను విచారించారు. బ్రహ్మచర్యం, గార్హస్థ్యం, వానప్రస్థం, సన్యాసం... నాలుగింటిలో ఏదీ కాదు, వాటికి అతీతమైన ‘అత్యాశ్రమం’ అన్నది ఆయన వాంగ్మూలం. కోర్టు కాగితాల్లోకి ఇలాంటి జవాబు ఎక్కడం అరుదే!

సన్యాసం అడిగినవారికి ఆయన చెప్పిన మాటల సారాంశం ఇదీ: ఇంట్లో ఉంటే ‘నేను సంసారిని’ అనే తలపు వేధిస్తుంది. అడవికి పోతే ‘నేను సన్యాసిని’ అనే తలపు వేధిస్తుంది. తలపు పేరు మారిందే తప్ప తలపు పోలేదు కదా! కాబట్టి ఇల్లు మార్చడం కన్నా, ఈ ‘నేను’ ఎక్కణ్నుంచి లేస్తోందో చూడటం మేలు.

గురువుకు పేరు పెట్టిన శిష్యుడు

ఆ మాట మొదట అందుకున్నవారిలో ఒకరు మన కావ్యకంఠ గణపతి ముని. బొబ్బిలి దగ్గర కలువరాయిలో 1878లో పుట్టారు. అంటే గురువు కన్నా ఏడాది పెద్ద. బెంగాల్‌లోని నవద్వీపంలో పండితుల సభలో ఆశుకవిత్వం చెప్పి 1900లో ‘కావ్యకంఠ’ బిరుదు తెచ్చుకున్నారు. ఎన్ని జపాలు చేసినా తపస్సు అంటే ఏమిటో తెలియలేదన్న దిగులుతో 1907 నవంబరు 18న విరూపాక్ష గుహకు వెళ్లి, అక్కడున్న మౌనస్వామి కాళ్లు పట్టుకున్నారు. ‘నేను’ పుట్టేచోట మనసు లీనమైతే అదే తపస్సు, మంత్రం పలికేటప్పుడు ఆ నాదం పుట్టేచోట లీనమైనా అదే... అని జవాబొచ్చింది. అప్పటిదాకా ‘బ్రాహ్మణస్వామి’గానే అందరికీ తెలిసిన ఆ యువకుడికి ‘భగవాన్ రమణ మహర్షి’ అని పేరు పెట్టింది గణపతి మునే. దీక్ష ఇచ్చి గురువు శిష్యుడికి పేరు పెట్టడం మనకు తెలుసు. ఇక్కడ తిరగబడింది.

ముని కాషాయం కట్టలేదు. భార్యాబిడ్డలతోనే తపస్సు చేశారు. దేశానికి స్వాతంత్ర్యం రావాలని, అంటరానితనం పోవాలని మాట్లాడారు, కాంగ్రెస్‌లో తిరిగారు. మంత్రశక్తితో దేశం బాగుపడాలన్నది ఆయన తపన. ఇవేవీ గురువు చెప్పిన దారిలో ఉన్నవి కావు. అయినా 1936లో ఖరగ్‌పూర్ దగ్గర నింపురలో కన్నుమూసేదాకా ఆ బంధం సడలలేదు. తల ఊపడమే శిష్యరికం అనుకునేవాళ్లు ఈ ఇద్దరి కథ చదవాలి.

విశాలాక్షి అడిగింది

నాకైతే మునికన్నా ఆయన భార్య విశాలాక్షి ఎక్కువ గుర్తుండిపోతారు. రమణులతో 1913-17 మధ్య జరిగిన సంభాషణల్ని ముని మూడు వందల శ్లోకాల్లో ‘రమణ గీత’గా కూర్చారు. అందులో పదమూడో అధ్యాయం విశాలాక్షిది. భర్త ద్వారా ఆమె అడిగించిన ప్రశ్నలు సూటిగా ఉంటాయి. ఆత్మనిష్ఠలో ఉన్న స్త్రీకి ఇల్లు అడ్డమైతే ఆమె సన్యసించవచ్చా? జీవన్ముక్తురాలైన స్త్రీ దేహం వదిలితే దహనం చేయాలా, సమాధి చేయాలా?

మగవాడికి ఇల్లు వదలడం ఒక నిర్ణయం. ఆడవాళ్లకు ఆ తలుపు ఉందో లేదో కూడా తెలియని కాలం అది. పండితులు నూరు వచనాలు చూపించి తప్పించుకోదగ్గ ప్రశ్న. రమణులు తప్పించుకోలేదు. పక్వమైన స్త్రీకి నిషేధమేమీ లేదన్నారు. ముక్తిలో స్త్రీ పురుష భేదం లేదు కాబట్టి దహనం కాదు, సమాధే చేయాలన్నారు.

ఈ జవాబుకు పరీక్ష ఆయన ఇంట్లోంచే వచ్చింది. కొడుకును వెనక్కి తీసుకెళ్దామని 1898లో వచ్చి, ఏడ్చి, ఉత్త చేతులతో వెళ్లిన తల్లి అళగమ్మ 1916లో ఆయన దగ్గరికే వచ్చి ఉండిపోయింది. 1922 మే 19న ఆమెకు ప్రాణం పోయే సమయాన రమణులు ఒక చెయ్యి గుండెమీద, ఒక చెయ్యి తలమీద ఉంచి గంటల తరబడి కదలకుండా కూర్చున్నారు. ఆమె వెళ్లిపోయాక, మనకు మైల లేదంటూ భోజనానికి లేచారు. దేహాన్ని కాల్చలేదు. కొండ దిగువన సమాధి చేశారు. విశాలాక్షికి చెప్పిన మాటే తన తల్లికీ వర్తింపజేశారు. ఈనాటి ఆశ్రమం ఆ సమాధి చుట్టూ పెరిగిందే.

అన్నట్టు, రమణుల తమ్ముడు నాగసుందరం కూడా సన్యసించి నిరంజనానంద స్వామి అయ్యారు, ఆశ్రమ సర్వాధికారిగా ఉన్నారు. ఆయన ఇల్లు వదిలేనాటికి భార్య పోయింది, చిన్న కొడుకున్నాడు. ఆ పిల్లాణ్ని పెంచింది వాళ్ల ఒక్కగానొక్క చెల్లెలు అలమేలు. త్యాగాల కథల్లో ఇలాంటి అలమేలులకు ఒక వాక్యమే దక్కుతుంది. ఇక్కడా అంతే దక్కింది.

చీకటి పడితే గేటు బయట

గుంటూరు జిల్లా కొలనుకొండలో 1902లో పుట్టిన సూరి నాగమ్మ చిన్నతనంలోనే వితంతువయ్యారు. సన్యసించడానికి ఆమెకంటూ వదలాల్సిన సంసారమే లేదు. చదువు తనకు తానే నేర్చుకున్నారు. 1941లో రమణుల దగ్గరికి వచ్చారు. ఆశ్రమంలో రాత్రిళ్లు స్త్రీలు ఉండకూడదన్నది నియమం. చీకటిపడేలోగా వెళ్లిపోవాలి. అందుకే బయట ఉంటూ, పగలు హాల్లో విన్నదీ కన్నదీ రాత్రి ఉత్తరాలుగా తన అన్నగారికి రాశారు. 1945 నవంబరులో మొదలైన ఆ రాత 1950 దాకా సాగింది. ఆవుల గురించి, వంటింటి గురించి, గురువుగారి కోపం గురించి, నవ్వు గురించి మామూలు తెలుగులో రాసిన ‘శ్రీరమణాశ్రమ లేఖలు’ అవి. గేటు బయట ఉండాల్సి వచ్చిన మనిషి వల్లే లోపలి రోజువారీ జీవితం ఇవాళ మనకు ఇంత వివరంగా తెలుస్తోంది. ఆమె కోరిక మీదే రమణులు 1947లో ‘ఏకాత్మ పంచకం’ మొదట తెలుగులో రాశారు. తమిళం తర్వాత వచ్చింది.

కుర్చీ ఖాళీ

రమణులు 1950 ఏప్రిల్ 14 రాత్రి దేహం వదిలారు. ఎడమచేతి మీద కణితికి ఏడాదికి పైగా చికిత్స జరిగినా తగ్గలేదు. నువ్వు వెళ్లిపోతే మేమేం కావాలని కుమిలిపోయినవారితో, దేహాన్నే గురువు అనుకోవద్దని, తాను వెళ్లడానికి చోటంటూ ఎక్కడుందని ఆయన అనేవారు. అందుకు తగ్గట్టే వారసుడిగా ఎవరినీ కూర్చోబెట్టలేదు. 1938లో రాయించిన వీలునామా ప్రకారం ఆశ్రమ నిర్వహణ తమ్ముడికీ, ఆయన సంతతికీ వచ్చింది. లెక్కలు, వంటశాల, గోశాల, పుస్తకాలు వారివి. గురుస్థానం మాత్రం వారసత్వంగా ఎవరికీ రాలేదు. కొత్తవాళ్లడిగే ‘ఇప్పుడు గురువుగారెవరు?’ అన్న ప్రశ్నకు అక్కడివాళ్లు సమాధివైపు చూపించేది అందుకే.

ఆ ఏడాదే ‘మైదానం’ రాసిన చలం బెజవాడ విడిచి అరుణాచలం చేరారు. పెళ్లినీ నీతినీ మతాన్నీ నిలదీసి తెలుగుదేశాన్ని అట్టుడికించిన మనిషి. మిత్రుడు చింతా దీక్షితులు ద్వారా ఆయనకు రమణుల సంగతి చాలా ముందే తెలుసు. కూతురు సౌరిస్‌తో సహా వచ్చి స్థిరపడిన కొద్ది నెలల్లోనే ఏ గురువు కోసం వచ్చారో ఆ గురువు లేకుండా పోయారు. తిరిగి వెళ్లడానికి కారణం దొరికినట్టే. చలం వెళ్లలేదు. రమణుల రచనల్ని తెలుగు చేస్తూ, వచ్చిన ఉత్తరాలకు జవాబులు రాస్తూ, ఆశ్రమం పక్కనే ‘రమణస్థాన్’లో ఉండిపోయారు. కాషాయం కట్టలేదు, కలం పక్కన పెట్టలేదు. 1979 మే 4న అక్కడే కన్నుమూశారు. గురువు ఉన్నప్పుడు ఆయన అక్కడున్నది కొన్ని నెలలు. లేనప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు.