శాస్త్రసత్యమునకు పరీక్ష

శాస్త్రజ్ఞుడు తాను కనుగొన్న విషయమును తనలోనే దాచుకొనడు. దానిని పత్రికలో ప్రకటించును. 1665వ సంవత్సరమున లండను నగరమందు హెన్రీ ఓల్డెన్‌బర్గు అను పండితుడు శాస్త్రవిషయములకై ఒక పత్రికను నెలకొల్పెను. క్రమముగా ఈ ఆచారము లోకమంతట వ్యాపించెను. ప్రకటన యనగా కీర్తికొరకు చాటుకొనుట మాత్రమే కాదు. "నేను ఈ విధముగా పరీక్షించితిని, నాకు ఈ ఫలితము లభించినది, మీరును పరీక్షించి చూడుడు" అని తోడివారిని ఆహ్వానించుట. ఆ ఆహ్వానమెంత అవసరమో ఫ్రాన్సు దేశమున జరిగిన ఒక వృత్తాంతము వలన తెలియగలదు.

1895లో జర్మనీ దేశీయుడైన రాంట్‌జన్ ఎక్స్-కిరణములను కనుగొనెను. కంటికి కానరాని ఇట్టి కిరణములు ఇంకను ఉండవచ్చునని పలువురు తలచిరి. 1903లో నాన్సీ నగరమున భౌతికశాస్త్రాచార్యుడైన బ్లాండ్లో ఒక క్రొత్త కిరణమును కనుగొంటినని ప్రకటించి, తన నగరము పేర దానికి 'ఎన్-కిరణము' అని నామకరణము చేసెను. చీకటిగదిలో చిన్న విద్యుత్తు రవ్వపై ఈ కిరణము పడినచో, ఆ రవ్వ వెలుగు ఇంచుక హెచ్చునని అతడు చెప్పెను. ఆ హెచ్చును పరిశీలకులు ముఖ్యముగా కంటితోనే గుర్తింపవలసి యుండెను.

బ్లాండ్లో పేరుగన్న నిపుణుడు. అతని మాట విని ఫ్రాన్సులో పెక్కురు తామును చూచితిమనిరి. మనుష్యుని నరములనుండియు, కండరములనుండియు ఈ కిరణములు వెలువడునని కూడ కొందరు వ్రాసిరి. కాని ఇంగ్లండు, జర్మనీ దేశముల శాస్త్రజ్ఞులు ఎంత ప్రయత్నించినను వానిని చూడజాలకపోయిరి. వివాదము పెరిగెను.

1904 సెప్టెంబరులో అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు వుడ్ నాన్సీకి పోయి పరీక్షను స్వయముగా చూచెను. గాజుపట్టకము వెలుగును ఏడురంగులుగా చీల్చునట్లు, అచ్చటి అల్యూమినియపు పట్టకము ఎన్-కిరణములను చీల్చునని చెప్పుచుండిరి. చీకటిలో ఎవ్వరికిని తెలియకుండ వుడ్ ఆ పట్టకమును తీసివేసెను. అయినను పరీక్ష చేయువారు కిరణములు ఏయే తావుల పడుచున్నవో మునుపటివలెనే చెప్పుచుండిరి! లేని పట్టకము కిరణములనెట్లు చీల్చును? చూడవలెనను కోరికయే వారి కన్నులకు వెలుగును చూపెనని తేలిపోయెను.

వుడ్ ఈ సంగతిని ఆ నెల 29వ తేదీన ఇంగ్లండులోని 'నేచర్' పత్రికలో ప్రకటించెను. అటుపిమ్మట ఆ కిరణముల మాట క్రమముగా అణగిపోయెను. ఆ సంవత్సరమే ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు బ్లాండ్లోకు, అతడు అంతవరకు చేసిన కృషికై, 50,000 ఫ్రాంకుల బహుమానమొసగెను. ఆ బహుమానము అతనికి గౌరవమును తెచ్చెను గాని, లేని కిరణమును కల్పింపజాలకపోయెను.

బ్లాండ్లో మోసగాడు కాడు, మోసపోయినవాడు. అతడు తన పరీక్షావిధానమును దాచక ప్రకటించుట చేతనే ఇతరులకు ఆ లోపమును కనుగొన వీలయ్యెను. రాంట్‌జన్ మాటయు ఇట్లే పరీక్షకు గురియయ్యెను. ఏ దేశమున పరీక్షించినను అది నిలిచెను. కావుననే నేటికిని వైద్యులు ఎక్స్-కిరణములతో విరిగిన ఎముకలను చూడగలుగుచున్నారు. చెప్పినవాడు పెద్దవాడా, చిన్నవాడా యని కాక, చెప్పినది పరీక్షకు నిలిచినదా, లేదా యని అడుగుటయే శాస్త్రమార్గము.