పలకలన్నీ కవచాలేనా?

ప్రాణహిత–గోదావరి లోయలోని కోటా శిలల్లో జురాసిక్ కాలపు ఎముక పలకలు దొరికాయి. ఇవి శాకాహార డైనోసార్ చర్మంలో పెరిగినవనీ, ఆంకిలోసార్ జాతికి అతి పురాతన ఆనవాళ్లనీ 2019లో శిలాజ శాస్త్రవేత్త పీటర్ గాల్టన్ ప్రతిపాదించారు. మొసలి వీపునా ఇలాంటివి ఉంటాయి కదా అనే అనుమానం న్యాయమైనదే. తమిళనాడులో దొరికిన ఎముకలకు 1979లో ద్రవిడోసారస్ అని పేరుపెట్టి పలకల డైనోసార్‌గా చెబితే, అవి సముద్ర సరీసృపానివని శంకర్ చటర్జీ తర్వాత వాదించారు. అందుకే విడి పలక కన్నా దాని ఆకారం, లోపలి నిర్మాణం నమ్మదగ్గ సాక్ష్యం.

పలక కనబడగానే రక్షణ కవచం అనేయడం తొందరపాటు. అమెరికాలోని స్టెగోసారస్ వీపు పలకలు పల్చన, నిండా రక్తనాళాల జాడలే. పక్కటెముకల వైపు రక్షణే లేదు. అవి ఒంటి వేడిని సర్దుకోవడానికో, తోటివాటి ముందు ఆర్భాటానికో పనికొచ్చి ఉండాలి. మరి వేటాడే జంతువును ఆపిందేమిటి? తోక ముళ్లు. ఆ ముల్లు దిగినట్టు గాయమున్న అల్లోసారస్ తోక ఎముక దొరికింది. ఆంకిలోసార్లది వేరే పద్ధతి: ఒళ్లంతా పరుచుకున్న ఎముక బిళ్లలే వాటికి రక్ష. అదే కోటా శిలల్లో దొరికి, హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉన్న కోటాసారస్ అస్థిపంజరం మాత్రం పొడుగు మెడ జాతిది; దాని వీపున పలకలు వెతక్కండి.