గోలు కొట్టినవాడే మేటి ఆటగాడా?

ప్రతి సంవత్సరమూ కళాశాలల పోటీలు ముగియగానే విద్యార్థులలో ఒక చర్చ బయలుదేరుతుంది: ఈ ఏటి మేటి ఆటగాడెవరు? సమాధానం సాధారణంగా ఒక్కటే. ఎక్కువ గోల్సు కొట్టినవాడు. కప్పూ అతనికే, పూలమాలా అతనికే, సంచికలో ఛాయాచిత్రమూ అతనిదే. అతనిని అభినందించడంలో తప్పు లేదు. కాని బంతిని అతని కాలివద్దకు చేర్చినదెవరు, మన గోలును కాపాడినదెవరు అని కూడా అడగడం న్యాయమని మేము భావిస్తున్నాము. ఇందుకు దూరదేశాల ఉదాహరణలు వెదకనక్కరలేదు. మన చిల్కూరుకు పొరుగుననే ఉన్న హైదరాబాదు నగరపు ఫుట్‌బాల్ చరిత్ర చాలును.

1909లో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయులు, ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు. సిటీ కాలేజీ విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి నడుపుకొన్న జట్టులో ఆడి పేరు తెచ్చుకొన్నారు. దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో పనిచేశారు. తదుపరి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులైనారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సార్లు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. ఆటగాళ్లందరికీ ఆయన రహీం సాబ్.

రహీం సాబ్ బోధించినది ఏమిటి? బంతిని తనవద్దనే ఉంచుకొని, ఇద్దరు ముగ్గురిని తప్పించుకొంటూ పరుగెత్తడం చూపరులకు కన్నులపండువే. కాని ఆ పరుగు పూర్తయ్యేలోగా ప్రత్యర్థులు తమ గోలు ముందు సర్దుకొని నిలబడతారు. బంతి మనిషికంటె వేగంగా పోగలదు. వచ్చిన బంతిని వచ్చినట్లే తోటివానికి అందించినచో ఎదుటివారికి సర్దుకొనే వ్యవధి దొరకదు. ఈ రహస్యాన్ని అలవాటుగా మార్చడానికి ఆయన బంతిని ఒంటరిగా తిప్పుకొంటూ పోరాదనే నియమంతో పోటీలు పెట్టేవారు. వాటము లేని కాలితోనే ఆడవలసిన పోటీలు కూడా ఏర్పాటు చేసేవారు. రెండు కాళ్లూ సమానంగా పనిచేసినవాడు ఒళ్లు తిప్పుకోకుండానే ఏ పక్కకైనా బంతిని అందించగలడు కదా!

ఈ శిక్షణ ఫలితం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో లోకానికి తెలిసింది. ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి భారతజట్టు సెమీఫైనల్ చేరింది. ఆసియా ఖండం నుండి ఆ స్థాయికి చేరిన మొదటి జట్టు మనదే. ఆ ఆటలో నెవిల్ డిసౌజా మూడు గోల్సు చేశారు. ఆయన పేరు అందరికీ తెలుసు. అదే జట్టుతో వెళ్లిన మన హైదరాబాదు రక్షకుడు అజీజుద్దీన్ పేరు, హాఫ్‌బ్యాక్ నూర్ మహమ్మద్ పేరు నేటి విద్యార్థులలో ఎందరికి తెలుసు? వీరిరువురూ 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌కు కూడా వెళ్లినవారు.

పీటర్ తంగరాజ్ మరొక ఉదాహరణ. హైదరాబాదులో పుట్టిన ఆయన తొలుత గోల్సు కొట్టే సెంటర్ ఫార్వర్డ్. పిదప గోల్‌కీపరుగా మారి ఆసియాలోనే అగ్రగణ్యులలో ఒకరైనారు. గోల్సు కొట్టే స్థానం వదలి గోల్సు ఆపే స్థానానికి మారడం వలన ఆయన కీర్తి తగ్గలేదు, పెరిగింది. 1967లో అర్జున పురస్కారం లభించింది.

సికింద్రాబాదు వద్ద అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం కథ మన విద్యార్థులు తప్పక తెలుసుకోవలసినది. శిక్షణకు నగరం వరకు వచ్చే ఖర్చు భరించలేని ఆ బాలునికి సైకిలు అద్దె రహీం సాబే ఇచ్చేవారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపైన, పెరూపైన గోల్సు చేసినది ఆ బలరామే. ముందువరుసలో ఏ స్థానమిచ్చినా ఆడగలగడం ఆయన ప్రత్యేకత. 2023 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు. యూసుఫ్ ఖాన్ సైతం జట్టు అవసరాన్ని బట్టి స్థానం మార్చుకొని ఆడినవారే. 1966లో అర్జున పురస్కారం పొందారు.

తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్ ముగ్గురూ సభ్యులుగా ఉన్న భారతజట్టు 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణపతకం సాధించింది. గోల్సు చేసినవారు పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్. తలకు తగిలిన గాయానికి కుట్లు పడిన జర్నైల్ వాస్తవానికి రక్షకుడు. అవసరాన్ని గుర్తించి రహీం సాబ్ ఆయనను ముందుకు పంపారు. అప్పటికే క్యాన్సరుతో బాధపడుతున్న ఆ గురువు 1963 జూన్ 11న పరమపదించారు.

ఈ చరిత్ర నుండి మేము గ్రహించినది ఇది. ప్రశంస ఎవరికి దక్కితే పిల్లలు వారివలె ఆడతారు. కప్పు గోలుకే ఇచ్చినచో ప్రతి బాలుడూ బంతిని తనవద్దనే ఉంచుకోజూస్తాడు. అందించినవానికి కూడా ఇచ్చినచో అందించడం నేర్చుకొంటాడు. కావున మా కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపములు రెండు. మేటి ఆటగాడిని నిర్ణయించేటప్పుడు గోల్సు లెక్కతోపాటు గోలుకు దారితీసిన అందింపులు, ఆపిన బంతులు కూడా ఒక పుస్తకంలో వ్రాయించండి. మొయినాబాదు, చేవెళ్ల పల్లెల నుండి వచ్చే విద్యార్థులలో సాయంత్రపు అభ్యాసానికి నిలిస్తే ఇంటికి చేరే దారి లేనివారున్నారు. వారి ప్రయాణపు ఖర్చుకు కొంత నిధి కేటాయించండి. ఒక సైకిలు అద్దె ఒక ఒలింపిక్ క్రీడాకారునికి తోడ్పడిన నేల ఇది.

ఈ సంవత్సరం మైదానంలో చెమటోడ్చిన సోదర విద్యార్థులందరికీ, పేరు పిలువబడినవారికీ పిలువబడనివారికీ, మా హృదయపూర్వక అభినందనలు.