ఇంగ్లిష్ పేరా, కొరియన్ జవాబు

దక్షిణ కొరియాలో కాలేజీ సీటు కోసం పిల్లలు రాసే పరీక్షను ‘సునుంగ్’ అంటారు. ఏటా నవంబరులో ఒక గురువారం జరుగుతుంది. ఇంగ్లిష్ పేపర్లో విని జవాబు రాసే ప్రశ్నలు వినిపించే అరగంట సేపు దేశంలో ఎక్కడా విమానం ఎగరదు, దిగదు. ఈ ముచ్చట మన పత్రికల్లో ఏటా వస్తూనే ఉంటుంది. అదే పేపర్లో మన బడులకు ఇంతకంటే పనికొచ్చే సంగతి ఒకటుంది.

ఇటీవలి పేపర్లలో 20, 22 ప్రశ్నలు చూడండి. రెండింటికీ చెరొక ఇంగ్లిష్ పేరా ఇస్తారు. ఒకదాంట్లో రచయిత గట్టిగా చెబుతున్న మాట ఏమిటని, ఇంకోదాంట్లో పేరా సారం ఏమిటని అడుగుతారు. పేరా అంతా ఇంగ్లిష్, అదీ కాస్త గట్టి ఇంగ్లిష్. కింద ఇచ్చే అయిదు ఆప్షన్లు మాత్రం కొరియన్‌లో ఉంటాయి. 23లో పేరా విషయం, 24లో దానికి తగిన శీర్షిక గుర్తించాలి. అక్కడికొచ్చేసరికి ఆప్షన్లు కూడా ఇంగ్లిష్‌లోకి మారతాయి.

అంటే ఇంగ్లిష్ పరీక్షే పిల్లవాణ్ని ‘నీకు అర్థమైందా, అయితే నీ భాషలో గుర్తుపట్టు’ అంటోంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో ఒడియానో, పుస్తకంలో ఇంగ్లిష్... వీటి మధ్య తిరిగే పిల్లల తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: ‘ఇంగ్లిష్ పీరియడ్‌లో తెలుగు మాట్లాడితే ఇంగ్లిష్ పాడవదా?’ జవాబు వెతకడానికి కొరియా మంచి చోటు. అక్కడి పిల్లల ఇబ్బందీ మన పిల్లల ఇబ్బందీ ఒక తీరువే కాబట్టి.

ఎందుకంటే వాక్యం అల్లికలో కొరియన్, తెలుగు బాగా దగ్గర. రెండింట్లోనూ క్రియ చివరే వస్తుంది. ‘నిన్న వచ్చిన పిల్ల’ అని మనం అంటే కొరియన్లు ‘ఒజె ఒన్ అయి’ అంటారు. ఒజె అంటే నిన్న, ఒన్ అంటే వచ్చిన, అయి అంటే పిల్ల. మాటకు మాట అదే వరుస. (అమ్మను వాళ్లు ‘ఒమ్మా’ అంటారు, నాన్నను ‘అప్పా’ అంటారు. ఇలాంటివి చూసే హల్బర్ట్ అనే అమెరికన్ మిషనరీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొరియన్‌ను ద్రావిడ భాషలతో పోలుస్తూ ఏకంగా ఒక వ్యాకరణమే రాశాడు. భాషా శాస్త్రవేత్తలు ఆ చుట్టరికాన్ని ఒప్పుకోలేదు. పోలిక మాత్రం ఉంది.)

ఇంగ్లిష్‌లో ఈ వరుస తిరగబడుతుంది. ముందు పిల్ల వస్తుంది, ఆ వెనక ‘ఎవరైతే నిన్న వచ్చిందో’ అన్న తోక వస్తుంది. తోక పొడుగైతే అసలు క్రియ ఎక్కడో దూరంగా పడిపోతుంది. కొరియన్ పిల్ల వాక్యం చివరిదాకా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి పేర్చుకుంటూ వస్తుంది. మన పిల్లలూ అదే చేస్తారు. నాలుగు వాక్యాలు అలా వెనక్కీ ముందుకూ నడిచేసరికి పేరా మొదట్లో ఏముందో మరచిపోతారు. ముఖ్యాంశం దొరకకపోవడానికి సగం కారణం ఇదే. తెలివి తక్కువై కాదు, బుర్రలో చోటు చాలక.

దీనికి కొరియా టీచర్లు వాడే మందును ‘చిక్‌తోక్ చిఖే’ అంటారు. చదువుతూనే ఆ వరుసలోనే అర్థం చేసుకుంటూ పోవడమని దాని భావం. వాక్యాన్ని అడ్డగీతలతో ముక్కలు చేస్తారు. ప్రతి ముక్కకూ అక్కడికక్కడే అర్థం చెప్పుకుంటారు, వెనక్కి తిరగరు. ‘ఆ పిల్ల / నిన్న వచ్చిందే / ఆమె మా చెల్లి’. వినడానికి బాగుండదు. అది అనువాదం కాదు, నడక నేర్చుకునేటప్పుడు పట్టుకునే గోడ లాంటిది. తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లిష్ పాఠం చెప్పే టీచరు ఈ పని రేపే మొదలుపెట్టవచ్చు. పెన్సిలుంటే చాలు.

వాక్యం తర్వాత పేరా. కొరియన్ బడుల్లో సొంత భాష పాఠంలోనే దీనికి పేర్లు నేర్పుతారు. అసలు మాట ముందే చెబితే ‘తూగ్వాల్షిక్’, చివర చెబితే ‘మిగ్వాల్షిక్’. తూ అంటే తల, మి అంటే తోక. ఎత్తుకోవడం, సాగదీయడం, మలుపు తిప్పడం, ముగించడం అనే నాలుగు మెట్ల పాత పద్ధతి కూడా వాళ్లకు తెలుసు. తూర్పు ఆసియా వాళ్లు చుట్టూ తిరిగి రాస్తారని, ఇంగ్లిష్ వాళ్లు గీత గీసినట్టు రాస్తారని రాబర్ట్ కాప్లాన్ అనే అమెరికన్ పండితుడు 1966లో బొమ్మలు వేసి మరీ చూపించాడు. తర్వాతివాళ్లు దాన్ని బాగానే తప్పుపట్టారు. తప్పుపట్టాల్సిందే. ఇంగ్లిష్‌లోనూ చుట్టూ తిరిగేవాళ్లు కావలసినంతమంది ఉన్నారు. సునుంగ్ పేపరుకు పేరాలు ఎంచేవాళ్లు అలాంటివాటినీ వదలరు.

అయినా ట్యూషన్ సెంటర్లలో చిట్కాలే నడుస్తాయి. అక్కడ వాటిని ‘హగ్వాన్’ అంటారు. మొదటి వాక్యం, చివరి వాక్యం చదివితే చాలంటారు. ‘హవెవర్’ కనబడితే గుర్తు పెట్టమంటారు. ‘షుడ్’, ‘మస్ట్’ ఉన్న వాక్యమే రచయిత వాదన అంటారు. పరీక్ష తీరు చూస్తే ఈ ఆత్రం అర్థమవుతుంది. మొత్తం 45 ప్రశ్నలు, 70 నిమిషాలు. 17 ప్రశ్నలు విని రాసేవే. మిగిలిన 28కి దక్కేది ముప్పావు గంట. ఒక్కో ప్రశ్నకు దక్కేది సుమారు నిమిషంన్నరే.

చిట్కా ఎక్కడ బెడిసికొడుతుందో చూడాలంటే ఒక పేరా కావాలి. ఇది నేను రాసిందే, ఇంగ్లిష్‌లో ఉన్నట్టు అనుకోండి.

‘ఫోన్‌లో మ్యాప్ ఉంటే కొత్త చోట దారి తప్పం. సమయం మిగులుతుంది, ఎవర్నీ అడగక్కర్లేదు. అందుకే చాలామంది పిల్లల చేతికి కూడా అదే ఇస్తున్నారు. అయితే తెర మీది బాణం వెంట నడిచిన పిల్ల చేరిన చోటు చెప్పగలదు గాని వచ్చిన దారి చెప్పలేదు. మలుపు దగ్గర ఆగి, స్టేషన్ ఎటుందో బేకరీ ఎటుందో చూసుకుని నడిచిన పిల్ల మనసులో ఊరి రూపం మిగులుతుంది. ఒకటి రెండుసార్లు దారి తప్పినా నష్టం లేదు.’

ఇప్పుడు ఆప్షన్లు. ఒకటి: మ్యాప్ వల్ల సమయం మిగులుతుంది. రెండు: పిల్లలకు ఫోన్ ఇవ్వకూడదు. మూడు: సొంతంగా దారి వెతుక్కుంటేనే పిల్లలకు ఊరు తెలుస్తుంది. నాలుగు: నిత్యజీవితంలో టెక్నాలజీ పాత్ర. అయిదు: మలుపుల దగ్గర గుర్తులు చూసుకోవాలి.

మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రమే చదివినవాడు ఒకటి దగ్గర ఆగిపోతాడు. అది పేరాలో ఉన్న మాటే, నిజం కూడా. కాని రచయిత దాన్ని ఒప్పుకున్నాడు తప్ప చెప్పదలచుకోలేదు. రెండోది రచయిత అనని మాట. మనం అనుకునే మాట. పెద్దవాళ్లు ఎక్కువగా పడేది ఇక్కడే. నాలుగోది మరీ పెద్ద గొడుగు, దాని కింద వంద పేరాలు పడతాయి. అయిదోది ఒక్క వాక్యాన్నే కప్పుతుంది. జవాబు మూడు. పేరాలో ‘షుడ్’ లేదు, ‘మస్ట్’ లేదు. ‘అయితే’ మాత్రం ఉంది. అది మలుపు ఎక్కడో చెబుతుంది, మలుపు తర్వాత ఏముందో చెప్పదు. అది చదవాల్సిందే.

తప్పుడు ఆప్షన్ల ఈ తీరు మన ఎస్సెస్సెల్సీ పేపర్లకూ వర్తిస్తుంది. ‘పేరాలో ఉన్నది’ వేరు, ‘పేరా చెప్పేది’ వేరు. ఈ తేడా పిల్లకు తెలుగులో తెలియకపోతే ఇంగ్లిష్‌లో తెలియదు.

సొంత భాష వాడకంలో కొరియా ఒక పెద్ద దెబ్బ కూడా తిన్నది, దాన్ని దాచకూడదు. ప్రభుత్వ విద్యా చానల్ ఈబీఎస్ పుస్తకాల్లోని పేరాలనే చాలాకాలం సునుంగ్‌లోనూ ఇచ్చేవారు. పేద పిల్లలకు ట్యూషన్ ఖర్చు తప్పించాలని. పిల్లలు ఏం చేశారంటే, ఆ పేరాల కొరియన్ అనువాదాలు బట్టీ పట్టారు. పరీక్షలో రెండు ఇంగ్లిష్ మాటలు చూసి పేరా గుర్తుపట్టి, కొరియన్ ఆప్షన్‌కు గీత పెట్టేశారు. చివరికి ముఖ్యాంశం అడిగే ప్రశ్నల్లో ఆ పేరాలు యథాతథంగా ఇవ్వడం మానేశారు.

2022 నవంబరు పరీక్షలో 23వ ప్రశ్న ఇంకా పెద్ద రభస అయింది. 3 మార్కుల ప్రశ్న, విషయం గుర్తించమన్నది. క్యాస్ సన్‌స్టీన్ రాసిన ‘టూ మచ్ ఇన్ఫర్మేషన్’ పుస్తకంలోని పేరా. సరిగ్గా అదే పేరా పరీక్షకు ముందే ఒక పేరున్న ట్యూషన్ మాస్టారి నమూనా పేపర్లో ఉంది. ఆడిట్ జరిగింది, పోలీసు విచారణ దాకా వెళ్లింది. ఆ ట్యూషన్‌కు డబ్బు కట్టలేని పిల్ల నిమిషంన్నరలో కొత్తగా చదవాల్సిన పేరాను ఇంకో పిల్ల ముందే చూసి వచ్చింది.

పేరాలు కొత్తవై, గట్టివైతే? 2025 నవంబరులో అదీ చూశారు. 90 లేదా ఆపైన మార్కులతో మొదటి గ్రేడు తెచ్చుకున్నవాళ్లు 3.11 శాతమే. పరీక్ష నడిపే సంస్థ అధిపతి డిసెంబరులో రాజీనామా చేశాడు.

కాబట్టి తెలుగు ఎప్పుడు వాడాలన్నదే అసలు ప్రశ్న. పేరా కంటే ముందు తెలుగు అర్థం ఇచ్చేస్తే ఆ బట్టీయే మనకూ మిగులుతుంది. గైడు పుస్తకాలు చేసేది ఇదే. చదివిన తర్వాత వాడితే ఫలితం వేరు.

మన బడుల్లో చేయగలిగినది చిన్నదే. వారానికి రెండు పేరాలు చాలు, పాఠ్యపుస్తకంలో లేనివి. పిల్లలు ముక్కలు చేసుకుంటూ చదవాలి. తర్వాత పుస్తకం మూయించి, ‘ఇతగాడు ఏమంటున్నాడు?’ అని అడగండి. ‘దేని గురించి?’ అని అడిగితే ‘మ్యాప్ గురించి సార్’ అంటారు, అక్కడితో సరి. ‘ఏమంటున్నాడు’ అంటే క్రియ ఉన్న పూర్తి వాక్యం రావాలి. తెలుగులో రానివ్వండి. హోసూరు పిల్ల హోసూరు తెలుగులో, బరంపురం పిల్లవాడు బరంపురం తెలుగులో చెప్పనివ్వండి, దిద్దకండి. ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి, మళ్లీ పేరా తెరిపించి, ‘ఈ మాట అన్న చోటు చూపించు’ అనాలి. చూపించలేకపోతే అది పేరాది కాదు, పిల్లదే. చూపించగలిగితే అప్పుడు ఆ వాక్యాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చే పని.

మన పరీక్షల్లో జవాబు ఇంగ్లిష్‌లోనే రాయాలి, కొరియన్ పిల్లలకున్న ఆ రెండు ప్రశ్నల వెసులుబాటు మనకు లేదు. అందుకని ఈ చివరి మెట్టు వదలకూడదు, దానికి పీరియడ్‌లో పది నిమిషాలైనా ఉంచుకోవాలి. ఇంట్లో తల్లిదండ్రులకు ఇంగ్లిష్ రాకపోయినా ఫరవాలేదు. సాయంత్రం ‘ఇవాళ చదివిన దాంట్లో వాడేమన్నాడే?’ అని తెలుగులో అడగగలిగితే చాలు. పిల్ల తడబడితే పేరా ఇంకా అర్థం కాలేదన్నమాట, మర్నాడు టీచరుకు ఆ మాట చెప్పి పంపండి.