వార్తల్లో పదం: కాంపాక్ట్ మోడ్

బ్రౌజర్‌లో ట్యాబులు, టూల్‌బార్ల చుట్టూ ఉండే ఖాళీని తగ్గించి వెబ్ పేజీకి ఎక్కువ చోటిచ్చే అమరికే కాంపాక్ట్ మోడ్. 2021 జూన్ 1న ఫైర్‌ఫాక్స్ 89 'ప్రోటాన్' అనే కొత్త రూపంతో వచ్చినప్పుడు ఈ మాట చర్చకెక్కింది. ట్యాబుల ఎత్తు, మెనూ వరుసల మధ్య ఎడం పెరిగాయి. అప్పటిదాకా వాడనివారికి కాంపాక్ట్ మోడ్ కనబడకుండా పోయింది. చిన్న ల్యాప్‌టాప్ ఉన్నవారికి ఇది అందచందాల గొడవ కాదు. పొడవైన బుక్‌మార్కుల జాబితాలో ఒక్కసారిగా కనిపించే పేర్లు తగ్గితే, ప్రతిసారీ కిందికి జరుపుకుంటూ వెతుక్కోవాల్సిందే.

ఎడం ఉంటే వేలితో తాకడం తేలిక, చేయి వణికేవారికి మేలు అన్న వాదనలో బలముంది. వెబ్‌ను అందరూ వాడగలిగేలా చేసేందుకు రూపొందించిన 2023 నాటి డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం కూడా, కొన్ని మినహాయింపులతో, నొక్కే చోటు కనీసం 24 సీఎస్‌ఎస్ పిక్సెళ్ల పొడవు, వెడల్పు ఉండాలంటుంది. అయితే మౌస్ వాడేవారికి ఇరుకైన అమరికను ఎంపికగా ఉంచితే, విశాలమైనది కావలసినవారికి పోయేదేమీ లేదు. రెండింటినీ పరీక్షించి నిలబెట్టడం ఖర్చేనన్నదీ నిజమే. కానీ ఇప్పుడు ఆ భారం వాడేవారి మీద పడుతోంది. ఫైర్‌ఫాక్స్ లోతైన సెట్టింగుల పేజీ అబౌట్:కాన్ఫిగ్‌లో 'బ్రౌజర్.కాంపాక్ట్‌మోడ్.షో'ను ట్రూ చేస్తేనే ఆ ఎంపిక తిరిగి కనిపిస్తుంది, అదీ మద్దతు లేదన్న గమనికతో. మెనూల ఎడం ఇంకా తగ్గాలంటే బ్రౌజర్ రూపాన్ని మార్చే యూజర్‌క్రోమ్.సీఎస్‌ఎస్ ఫైలు సొంతంగా రాసుకోవాలి. తర్వాతి అప్‌డేట్‌తో అది పనిచేయకుండా పోవచ్చు. ఈ ఎంపికను దాచడం పొరపాటు, దాన్ని సెట్టింగుల్లోనే ఉంచాలి.