మీకు తెలుసా? పీఎస్‌ఏ పెరిగితే క్యాన్సరేనని కాదు

మగవారిలో మూత్రాశయం కింద పెద్ద ఉసిరికాయంత ప్రోస్టేట్ గ్రంథి ఉంటుంది. అది తయారుచేసే ఓ ప్రొటీన్ పేరే పీఎస్‌ఏ (ప్రోస్టేట్ స్పెసిఫిక్ యాంటిజెన్). వీర్యాన్ని పలచబరచడం దాని పని. అందులో రవ్వంత రక్తంలోకి చేరుతుంది. పీఎస్‌ఏ పరీక్షలో కొలిచేది ఆ రవ్వంతనే. పరగడుపున వెళ్లక్కర్లేదు.

మిల్లీలీటరు రక్తంలో 4 నానోగ్రాములు దాటితే చాలామంది డాక్టర్లు అనుమానిస్తారు. నానోగ్రామంటే గ్రాములో వందకోట్ల వంతు! అయితే 4కూ 10కీ మధ్య వచ్చినవారికి బయాప్సీ చేస్తే క్యాన్సర్ బయటపడేది సుమారు నలుగురిలో ఒకరికే. మిగతావారిలో వయసుతో గ్రంథి ఉబ్బడమో, మూత్రంలో ఇన్‌ఫెక్షనో కారణం కావచ్చు. ముందురోజు సైకిల్ బాగా తొక్కినా, వీర్యం స్ఖలించినా అంకె కాస్త పెరగొచ్చు. తిరకాసు రెండోవైపూ ఉంది. ప్రోస్టేట్ వాపుకే కాదు, బట్టతలకూ వాడే ఫినాస్టరైడ్ మాత్ర ఈ అంకెను దాదాపు సగానికి దించేస్తుంది. వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు మనమే చెప్పాలి.

విచిత్రమేంటంటే, 1970లో ప్రోస్టేట్ యాంటిజెన్‌ను గుర్తించిన రిచర్డ్ ఆబ్లినే 2010లో, అందరికీ ఈ పరీక్ష చేసేయడాన్ని తీవ్రంగా తప్పుపట్టారు. మెల్లగా పెరిగే, ప్రాణం తీయని క్యాన్సర్లకూ ఆపరేషన్లు చేసేస్తే మూత్రం ఆపుకోలేని అవస్థ మిగలొచ్చు మరి. లక్షణాలేమీ లేని 55-69 ఏళ్లవారు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలనీ, 70 దాటాక ఈ స్క్రీనింగ్ వద్దనీ అమెరికా నిపుణుల బృందం 2018లో సూచించింది. మూత్రంలో రక్తం కనిపిస్తే మాత్రం వయసు లెక్కలు చూసుకోకండి, వెంటనే యూరాలజిస్టును కలవండి.