పోకరు ఆట: ఓర్పు, నేర్పు

పేకాటను గూర్చి బడిపంతులు ప్రసంగించుటేమని మీలో కొందరు శంకింపవచ్చును. నేను చెప్పదలచినది పందెమును గూర్చి కాదు, అభ్యాసమును గూర్చి. అదృష్టము కలిసిన పనులలో మనుష్యుడు మెల్లమెల్లగా నేర్పు నెట్లు గడించునో తెలిసికొనుటకు ఈ ఆట మంచి ఉదాహరణము.

పోకరు అమెరికాలో పుట్టిన పేకాట. 1800 తరువాతి తొలి దశాబ్దములలో మిసిసిపీ నదిమీది పొగయోడలలో ప్రయాణికులవలన ఇది వ్యాపించెను. ఇప్పుడు పలువిధములుగా ఆడుదురు. నేను పాతపద్ధతిని చెప్పెదను. ఒక్కొక్కనికి అయిదు ముక్కలు పంతురు. ఎదుటివాని ముక్కలు మనకు కనబడవు. ఆటలో నిలువదలచినవాడు నడుమనున్న రాశిలో పందెము వేయవలెను. ఇష్టము లేనివాడు ముక్కలు పడవేసి తొలగవచ్చును. కడపట నిలిచినవారిలో అరుదైన కూర్పు గలవానిదే గెలుపు. 52 ముక్కలనుండి అయిదేసి ముక్కల కూర్పులు 25,98,960 ఏర్పడును. అందు అయిదును ఒకే గుర్తుగలవై, వరుసలో లేనివి 5,108 మాత్రమే. అనగా 509 కూర్పులకు సుమారు ఒకటి. అరుదైనది గనుకనే దానికి విలువ.

ఇక చిన్న లెక్క. డబ్బునకు మారుగా చింతపిక్కలు పెట్టుకొందము. నా చేతిలో నాలుగు ఇస్పేటు ముక్కలును, పనికిరాని ముక్క యొకటియు నున్నవి. దానిని పడవేసి కట్టనుండి వేరొకటి తీసికొనవచ్చును. ఇస్పేటు వచ్చెనా గెలుపు, రాకున్న ఓటమి యనుకొందము. నేను చూచిన ముక్కలు 5, చూడనివి 47. వానిలో ఇస్పేట్లు 9. కావున సరాసరిని 47 మారులలో 9 మారులు గెలుతును, 38 మారులు ఓడుదును.

రాశిలో 60 పిక్కలున్నవి. నిలుచుటకు నేను 10 పిక్కలు వేయవలెను. తొమ్మిది గెలుపులకు 540 పిక్కలు వచ్చును, ముప్పదియెనిమిది ఓటములకు 380 పోవును. మిగులు 160. కావున నిలుచుట యుక్తము. రాశిలో 30 పిక్కలే యున్నచో 270 వచ్చి 380 పోవును. నష్టము 110. అప్పుడు తొలగుట యుక్తము.

ఇందలి మర్మమును గమనింపుడు. మొదటి సందర్భమున నిలిచినవాడు సరిగా నడచినవాడే. అయినను అయిదింట నాలుగు మారులు ఓడును. రెండవ సందర్భమున నిలిచినవాడు తప్పినవాడే. అయినను అయిదింట ఒకమారు గెలిచి, తన తెలివికి తానే మురియును. చదరంగమున తప్పుటెత్తు వేసినవానికి ఆ తప్పు పలకమీదనే కనబడును. ఇచట నట్లు కాదు. ఒప్పు చేసిన పిల్లవానిని కొట్టి, తప్పు చేసినవానికి బెల్లము పెట్టు పంతులవంటిది అదృష్టము. ఆ పంతులను నమ్మినవాడు ఎన్నియేండ్లాడినను మొదటి దినమున నున్నచోటనే యుండును.

మరి నేర్చుకొను మార్గమేది? ఫలమును విడిచి నిర్ణయమును పరీక్షించుటయే. ఆట ముగిసిన పిదప, ఆ క్షణమున నాకు తెలిసినదేమి, తెలియనిదేమి, లెక్క యేమి చెప్పినది, నేనేమి చేసితిని అని వ్రాసికొనవలెను. తనకంటె నెక్కుడు తెలిసినవానికి దానిని చూపవలెను. ఒకేసారి పది దోషములు దిద్దబూనక, ఒకదానిని పట్టి అది పోవువరకు సాధింపవలెను. వరుసగా ఓడి కోపము పుట్టినప్పుడు బుద్ధి తప్పును. ఆ యవస్థకు ఆ యాటగాండ్రు టిల్ట్ అని పేరు పెట్టిరి. అది కలిగినంతనే లేచిపోవుటయు నేర్పులో భాగమే.

ఈ మార్గము యంత్రములకును తప్పలేదు. 2015లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమువారు క్లాడికో అను కంప్యూటరు ఆటగానిని నలుగురు ప్రవీణులతో 80,000 ఆటలు ఆడించిరి. యంత్రము వెనుకబడెను. వారు నిరుత్సాహపడక శ్రమించి లిబ్రేటస్ అను మరియొకదానిని నిర్మించి, 2017 జనవరిలో పిట్స్‌బర్గు నగరమున ఇరువది దినములు 1,20,000 ఆటలు ఆడించిరి. పగలు ప్రవీణులు దాని లోపములను వెదకుచుండిరి. రాత్రులందు అది వారు కనిపెట్టిన లోపములలో ముఖ్యమైనవానిని సరిదిద్దుకొనుచుండెను. తుదకు యంత్రమే గెలిచెను. అన్ని వేల ఆటలేల యందురా? కొలది ఆటలలో నేర్పేదో అదృష్టమేదో విడదీయుట యసాధ్యము గనుక.

మన భారతమున అరణ్యపర్వములోని నలోపాఖ్యానము ఈ సంగతినే సూచించుచున్నది. జూదమున రాజ్యము కోల్పోయిన నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణునకు సారథి యయ్యెను. విదర్భకు పోవు త్రోవలో ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టును చూచి, దాని యాకులను కాయలను లెక్కించి చెప్పెను. నలుడు ఆ మాటతో తృప్తిపడక, రథము నిలిపి, లెక్కపెట్టి, సరిపోవుట కనుగొని, ఆ విద్య నర్థించెను. తన అశ్వహృదయ విద్యకు మారుగా అక్షహృదయమును గ్రహించెను. పుష్కరుని గెలిచినది అటుపిమ్మట. పాచికలమీద కోపగించుకొనక, రాజై యుండియు శిష్యుడై లెక్క నేర్చినందుననే పోయిన రాజ్యము తిరిగివచ్చినది.

అయినను ఒక హెచ్చరిక. పోకరులో ఒకని లాభము మరొకని నష్టము. ఆట నడుపువాడు ప్రతి రాశినుండి తన వంతు తీసికొనును. కావున ఆడువారందరి లాభనష్టములు కూడినచో మిగులు నష్టమే. సమానమైన నేర్పుగలవారు ఎంత ఓర్పుతో నాడినను అందరును క్రమముగా క్షీణింతురు. మన దేశమున 2025లో పార్లమెంటు చేసిన చట్టము, నేర్పుతో కూడినవైనను కాకున్నను, డబ్బు ఒడ్డి ఆన్‌లైనులో ఆడు ఆటలను నిషేధించినది. ఇంటిలోని పడుచువాడు సెల్‌ఫోనులో నాలుగు మారులు గెలిచి తనకు విద్య యబ్బినదని చెప్పినచో, ఆ నాలుగు గెలుపులు సాక్ష్యము కావని ఈ చింతపిక్కల లెక్కతో వానికి చూపుడు. మందలింపు కంటె లెక్క మేలు చేయును.

ఈ పాఠము మనకు పొలములో ఎక్కువ అక్కరకు వచ్చును. అదను కానివేళ విత్తినవానికి ఒక యేడు వాన కలిసివచ్చి పంట పండవచ్చును. అదనెరిగి విత్తినవానికి ఆ యేడే ఎండిపోవచ్చును. మరుసటి యేడు ఊరెల్ల మొదటివాని ననుసరించినచో నష్టమెవరిది? ఏ దినమున విత్తితిమి, నేలలో పదునెంత, వాన యెప్పుడు పడినది, గింజ యెంత రాలినది అని యేటేట వ్రాసి యుంచినవాడు పదియేండ్లకు వానను గెలువలేడు గాని, తన తప్పును వాన తప్పునుండి వేరుచేసి చూడగలడు.